నీళ్ళు దిగేది ఒకచోట, కారేది ఇంకోచోట

వాన పడ్డ మర్నాడు హాలు సీలింగు మీద అరచేయంత మరక కనిపిస్తే మనలో చాలామంది ముందుగా పెయింటరును పిలుస్తాం. అతనొచ్చి ఉబ్బిన రంగు గీకి, పుట్టీ పెట్టి, రెండు కోటింగులు వేసి వెళ్తాడు. వచ్చే వానాకాలానికి అదే చోట ఇంకాస్త పెద్ద మరక వస్తుంది. ఈసారి తాపీ మేస్త్రీని పిలుస్తాం. అతను డాబా ఎక్కి, మరకకు సరిగ్గా పైనున్న నాలుగు చదరపు అడుగుల్లో సిమెంటు పాలు పోసి దిగుతాడు. అయినా కురుస్తుంది. మూడో ఏడు "ఈ ఇల్లు ఇంతే" అని ఊరుకుంటాం. అసలు నష్టం మొదలయ్యేది అక్కడే.

పెయింటరూ మేస్త్రీ ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చకుండా మనమే వాళ్ళ చేత పని మొదలుపెట్టించాం. డాక్టరు పరీక్ష చేయకుండా మందు రాస్తే ఒప్పుకోని మనం ఇంటి విషయంలో మాత్రం పరీక్ష లేకుండానే వేలకు వేలు పోస్తాం. ఆ పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఓ బకెట్టు, పెన్సిలు, కాస్త ఓపిక ఉంటే చాలావరకు ఇంటివాళ్ళే చేసుకోవచ్చు.

మన ఇళ్ళ శ్లాబు మందం మామూలుగా నాలుగున్నర, ఐదు అంగుళాలు. దాని మీద నీళ్ళు ఇంకే చోటు, కింద కారే చోటు ఒకటే అనుకోవడం సహజం. కానీ శ్లాబు పోసేటప్పుడే కరెంటు వైర్ల కోసం ఇనుప కడ్డీల మధ్య ప్లాస్టిక్ పైపులు పరుస్తారు. పిట్టగోడ మొదట్లో ఉన్న వెంట్రుకంత పగులులోంచి దిగిన నీరు ఆ పైపును అందుకుందంటే, దాని వెంబడే పది పన్నెండు అడుగులు పోయి ఫ్యాను దగ్గరో లైటు దగ్గరో బయటపడుతుంది. శ్లాబుకూ పైన పోసిన ఫ్లోరింగుకూ మధ్య సందు ఉంటే అందులోనూ అలాగే పాకుతుంది. అందుకే మరకకు నిట్టనిలువుగా పైన వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు.

విజయవాడలో మా బంధువుల ఇంట్లో ఇదే జరిగింది. వాన పడ్డ గంటకు ఫ్యాను రాడ్డు వెంట ఒక్కో చుక్కా జారి, కింది కప్పులో నిండి, భోజనాల బల్ల మీద పడేది. ఫ్యానుకు పైన ఉన్న భాగం మీద ఎన్నిసార్లు సిమెంటు పూశారో లెక్కలేదు. చివరికి ఒక ముసలి మేస్త్రీ వచ్చి, డాబా అంతా ఒకసారి తిరిగి, "బాబాయిగారూ, ఫ్యాను పైన కాదండీ, అదుగో ఆ పిల్లరు మొదట్లో నీళ్ళు పోసి చూడండి" అన్నాడు. పై అంతస్తు వేద్దామని వదిలేసిన పిల్లరు కడ్డీలవి. ఎండాకాలం కావడంతో డాబా పొడిగా ఉంది. పిల్లరు చుట్టూ తడిమట్టితో చిన్న గట్టు కట్టి నీళ్ళు నింపారు. కాసేపటికి ఫ్యాను రాడ్డు మీద చుక్క మెరిసింది. కడ్డీలు తుప్పుపట్టి, వాటి చుట్టూ కాంక్రీటు విచ్చుకుంది. అక్కడ దిగిన నీరు గది సగం దాటి ఫ్యాను దాకా వచ్చింది.

ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఏ వీధిలో తలెత్తి చూసినా ఇలా ఆకాశంలోకి చూస్తున్న పిల్లరు కడ్డీలు కనిపిస్తాయి. వాటి గురించి ఎవరూ పట్టించుకోరు గానీ, కురిసే ఇళ్ళలో ముందు అనుమానించాల్సిన చోట్లలో అదొకటి. పై అంతస్తు ఇప్పట్లో వేయకపోతే కడ్డీల తుప్పు గీకించి, సిమెంటు పాలు పూయించి, పలచని కాంక్రీటుతో మూసేయించడం మంచిది.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఫ్యాను నుంచో లైటు నుంచో స్విచ్‌బోర్డు నుంచో నీళ్ళు కారుతుంటే కారణం వెతకడం తర్వాత. ముందు మెయిన్ ఆపేయండి. కనీసం ఆ గది ఎంసీబీ అయినా దించండి. ఎలక్ట్రీషియన్ చూసి సరేననే దాకా దాన్ని మళ్ళీ వేయొద్దు. తడిసిన సీలింగు ప్లాస్టరు కడుపులా ఉబ్బి ఉంటే దాని కింద మంచం, ఉయ్యాల ఉంచకండి. పొడవాటి కర్రతో మెల్లగా తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చిన చోట పెచ్చు ఊడడానికి సిద్ధంగా ఉన్నట్టు.

ఇక పరీక్ష. కురిసే ఇంటికి వేయాల్సిన మొదటి ప్రశ్న "ఎక్కడ?" కాదు, "ఎప్పుడు?" మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి. వాన పడ్డ రోజూ, పడని రోజూ చూడండి. రెండు మూడు వారాల్లో చాలా సంగతులు తేలతాయి.

వాన మొదలైన గంటలోపే చుక్కలు రాలితే నీటికి సూటి దారి ఉన్నట్టు: తెరుచుకున్న పగులు, వాననీటి గొట్టం మూతి చుట్టూ విడిపోయిన సిమెంటు, ఏ క్లాంపు కోసమో కొట్టిన బెజ్జం. వాన వెలిసిన మర్నాడో ఆ మర్నాడో మరక నెమ్మదిగా పెరుగుతుంటే డాబా మీద నీళ్ళు నిలిచి ఇంకుతున్నాయని అర్థం. గాలివానకు మాత్రమే, అదీ ఒకవైపు గోడ వారగా చెమ్మ దిగుతుంటే శ్లాబును అనుమానించక్కర్లేదు. బయటి గోడ పగుళ్ళు, సజ్జ గోడను కలిసే చోటు, కిటికీ ఫ్రేము చుట్టూ చూడాలి. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుఫాను వానలకు ఇది చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. మోటారు వేసి ట్యాంకు నిండిన తర్వాతే తడి వస్తుంటే ట్యాంకు పొర్లుడు గొట్టమో, పైకెక్కే పైపు జాయింటో కారణం. ఏప్రిల్, మే నెలల్లో చుక్క వాన లేకుండానే కారుతుంటే, అదీ ఏసీ వేసిన రాత్రులే అయితే, ఏసీ నీళ్ళ గొట్టంలో దుమ్ము అడ్డుపడి నీరు వెనక్కి తంతోందేమో చూడండి. ఫాల్స్ సీలింగు ఉన్న ఇళ్ళలో ఇది శ్లాబు లీకులాగే కనిపించి భయపెడుతుంది. మరమ్మతేమో ఒక్క గొట్టం శుభ్రం చేయడమే.

వానా ఎండా అన్న తేడా లేకుండా ఏడాది పొడవునా ఒకే తీరుగా చెమ్మ ఉంటే పైన బాత్రూమో వంటిల్లో ఉందన్నమాట.

రంగు కూడా కొంత చెబుతుంది. తెల్లటి పొడి పేరుకుంటే కాంక్రీటులోని సున్నం నీళ్ళతో దిగి బయట ఎండిపోయినట్టు. అంటే ఆ దారిలో నీరు ఎంతో కాలంగా నడుస్తోంది. ఇటుక రంగు చారలు, అదీ వరసగా ఒక గీతలో కనిపిస్తే లోపల కడ్డీలకు తుప్పు పట్టి ఉండొచ్చు. నల్లటి చుక్కలు మూలల్లో మాత్రమే ఉంటే అది గాలి ఆడని గదిలో పట్టే బూజు కావచ్చు. ఇది లీకా, గది తేమా అని అనుమానం ఉంటే అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో సీలింగుకు గట్టిగా అంటించి ఒక రాత్రి ఉంచండి. కాగితానికీ సీలింగుకూ మధ్య తడి చేరితే నీరు శ్లాబులోంచి వస్తోంది. గది వైపు చెమర్చితే అది గాలిలోని తేమ.

బాత్రూము లీకులే అపార్ట్‌మెంట్లలో పైవాళ్ళకూ కిందివాళ్ళకూ మాటలు పోయేలా చేస్తాయి. బాత్రూము ఉన్న మేరకు శ్లాబును కిందికి దించి పోసి, పైపులు పరిచి, ఆ గుంతను ఇటుక ముక్కలతోనో మరో తేలికపాటి సామగ్రితోనో నింపి, పైన టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లోంచి ఇంకిన నీరు ఆ గుంతలో నిలవ ఉండి, కిందికి దారి చూసుకుంటుంది. చాలామంది ఏకంగా బాత్రూమంతా తవ్వించేస్తారు. తవ్వే ముందు ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి.

పైవాళ్ళను బతిమాలి ఆ బాత్రూమును కొన్నాళ్ళు వాడకుండా ఉంచండి. గుంతలో ఉన్న నీరు దిగిపోవడానికి రోజులు పడుతుంది కాబట్టి వారం వేచి చూడాలి. వాడకపోయినా చుక్క తగ్గలేదంటే గోడలో దాచిన మంచినీళ్ళ పైపు పోయిందన్నమాట, ఎందుకంటే దానిలో ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. ఆ పైపు వాల్వు రెండు రోజులు కట్టేసి చూస్తే రూఢి అవుతుంది. ప్లంబరు దగ్గర పంపూ గేజీ ఉంటే ఒత్తిడి పరీక్ష కూడా చేయించవచ్చు. వాడకం ఆపిన కొన్నాళ్ళకు చుక్క ఆగిందా, అయితే మురుగు గొట్టం గానీ టైల్స్ సందులు గానీ కారణం. నేల తడపకుండా, నేల మీది నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాపులోకే బకెట్టుతో నేరుగా నీళ్ళు పోయండి. కారితే ట్రాపు జాయింటుదే తప్పు. కారకపోతే ట్రాపుకు గుడ్డ బిరడా పెట్టి, నేల మీద అంగుళం నీళ్ళు ఒక రోజంతా నిలపండి. నీళ్ళలో కాస్త బట్టల నీలం కలిపితే కింద వచ్చే చుక్క ఈ నీళ్ళదేనని గుర్తుపట్టడం తేలికవుతుంది. కమోడును విడిగా, ఫ్లష్ చేసి చూడాలి. దోషం ట్రాపులో ఉంటే నాలుగు టైల్స్ తీస్తే పోతుంది. సందుల్లో ఉంటే పాత సిమెంటు గీకి ఎపాక్సీ గ్రౌటు నింపించడం మొదటి ప్రయత్నం. అదీ పనిచేయకపోతేనే తవ్వి వాటర్‌ప్రూఫింగు మళ్ళీ చేయించాలి.

డాబా సంగతికి వస్తే, అక్కడ పడే నీటి పరిమాణం మనం ఊహించేదానికన్నా ఎక్కువ. పది సెంటీమీటర్ల వాన పడిందంటే వెయ్యి చదరపు అడుగుల శ్లాబు మీద తొమ్మిది వేల లీటర్ల పైచిలుకు నీరు పడినట్టు. అదంతా రెండు మూడు గొట్టాల గుండా దిగాలి. ఒక గొట్టం మూతిలో వేపాకులు అడ్డుపడితే చాలు, డాబా చెరువవుతుంది. ఊళ్ళో ఇల్లు మూసి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నవాళ్ళ ఇళ్ళు ఎక్కువగా పాడయ్యేది ఇలాగే. మిగతావన్నీ ఎలా ఉన్నా, ఆకులు తీసే మనిషిని ఒకరిని కుదుర్చుకుంటే ఆ ఇల్లు ఎన్నో ఏళ్ళు నిలుస్తుంది.

నీళ్ళు నిలవకుండా పారాలంటే వాటం ఉండాలి. గొట్టం వైపుకు పది అడుగులకు కనీసం ఒక అంగుళం, వీలైతే అంగుళంపావు పల్లం. ఉందో లేదో కొలవడానికి పనిముట్టు అక్కర్లేదు. వాన వెలిసిన మర్నాడు ఉదయం డాబా ఎక్కి, ఇంకా నీళ్ళు నిలిచి ఉన్న చోట్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. మేస్త్రీకి చూపించాల్సిన మ్యాపు అదే.

తర్వాత పిట్టగోడ శ్లాబును కలిసే మూల. మన ఎండలకు శ్లాబు పగలంతా కాగి రాత్రి చల్లబడుతుంది. 10 మీటర్ల పొడవున్న కాంక్రీటు 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరిగి తరుగుతుంది. పిట్టగోడ మాత్రం దానితోపాటు అదే లెక్కన కదలదు. ఏళ్ళ తరబడి ఈ లాగులాటతో మూలలో సన్నటి చీలిక పడుతుంది. డాబా నడిమధ్య ఎంత పూత పూసినా ఈ చీలిక ఉన్నన్నాళ్ళూ గోడ వారగా చెమ్మ దిగుతూనే ఉంటుంది. పిట్టగోడ నెత్తిన పగుళ్ళున్నాయేమో కూడా చూడాలి. అక్కడ దిగిన నీరు గోడ లోపలి నుంచే కిందికి వస్తుంది. రావి మొక్కో మర్రి మొక్కో మొలిచి ఉంటే పైపైన తుంపితే మళ్ళీ వస్తుంది, వేరుతో సహా తీయించి ఆ పగులు పూడ్చాలి.

ఈమధ్య కొత్తగా చేరిన కారణం సోలార్ ప్యానెళ్ళు. 2024లో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చాక చాలా ఇళ్ళ మీద ప్యానెళ్ళు వెలుస్తున్నాయి. మంచిదే. అయితే ఫ్రేము కాళ్ళను శ్లాబులోకి డ్రిల్లు చేసి బోల్టులు బిగిస్తే ప్రతి బోల్టూ నీటికి ఒక దారి అవుతుంది. శ్లాబు మీద పోసిన కాంక్రీటు దిమ్మెలకు బిగించమని ముందే అడగండి. బెజ్జం తప్పదంటే సీలెంటు నింపి, చుట్టూ వాటర్‌ప్రూఫ్ పూత వేయించాకే బిల్లు చెల్లించండి.

ఇన్నీ చూశాకా దోషం దొరకకపోతే డాబాను భాగాలుగా విడదీసి నీళ్ళు నిలిపి చూడాలి. గట్లు కట్టి ఒక్కో భాగంలో అంగుళం నీళ్ళు 24 గంటలు, అవసరమైతే 48 గంటలు ఉంచాలి. ఒక భాగం ఫలితం తేలాకే రెండోది. ఇది పొడి రోజుల్లో చేయాల్సిన పని. శ్లాబు కడ్డీలు బయటపడి పెచ్చులూడుతున్న పాత ఇంట్లో మాత్రం ఇంజనీరును అడగకుండా పైన నీళ్ళ బరువు పెట్టొద్దు.

మరమ్మతు గురించి ముందు ఒక హెచ్చరిక. కురుస్తోందనగానే "పైన ఇంకో రెండంగుళాల కాంక్రీటు వేద్దాం" అనే సలహా మన ఊళ్ళలో తరచూ వినబడుతుంది. రెండంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు 120 కిలోలు. మనుషులు ఎక్కే డాబాకు మన దేశ ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే వాడుక బరువే చదరపు మీటరుకు 150 కిలోలు. అంటే ఆ శ్లాబు మనుషుల కోసం మోయగలిగిన బరువులో చాలా భాగం ఈ కొత్త పొరకే పోతుంది. వెయ్యి చదరపు అడుగులకు అది పదకొండు టన్నులు. పైగా కొత్త పొరా పగులుతుంది, పాత పగుళ్ళు దాని కింద కనబడకుండా పోతాయి. ఇల్లు పాతదైతే ఈ పని అసలు చేయించొద్దు.

సరైన క్రమం వేరు. పాచి, పాత పూత పెచ్చులు వైరు బ్రష్‌తో గీకి, కడిగి, బాగా ఆరనివ్వాలి. పగుళ్ళను ఉలితో వి ఆకారంలో కాస్త వెడల్పు చేసి, దుమ్ము ఊది, పాలిమర్ కలిపిన మోర్టారో, కదిలే పగులైతే సాగే గుణమున్న సీలెంటో నింపాలి. పిట్టగోడ మూలలో సిమెంటుతో గుండ్రని వాలు తీయాలి, నీరు ఆ మూలను అంటుకోకుండా ఇవతలికి జారిపోయేలా. గొట్టాల మూతులు విప్పి మళ్ళీ అతికించి, జాలీలు బిగించాలి. పల్లం లేని చోట్ల పలచగా వాటం సరిచేయాలి. ఇవన్నీ అయ్యాకే పూత. టిన్నుల్లో దొరికే అక్రిలిక్ పూతలు వాన జారిపోయే చోట బాగా పనిచేస్తాయి. నీరు రోజుల తరబడి నిలిచే చోట మెత్తబడి లేచిపోతాయి. వాటం సరిచేయకుండా ఎంత ఖరీదైన పూత వేయించినా డబ్బు వృథా అనేది ఇందుకే. ముందు ప్రైమరు, తర్వాత మొదటి పూత తడిగా ఉండగానే పగుళ్ళ మీద, మూలల్లో ఫైబరు జాలీ పరవడం, ఆపైన మొదటిదానికి అడ్డంగా రెండో పూత. పూత పిట్టగోడ మీదికి కనీసం అర అడుగు ఎక్కాలి. మిట్టమధ్యాహ్నం కాగుతున్న శ్లాబు మీద పూస్తే అది పట్టకముందే ఆరిపోతుంది, ఉదయం పూటే పని చేయించండి.

పనివాళ్ళిచ్చే గ్యారంటీ కార్డు కన్నా టిన్ను మీద రాసిన లెక్క నమ్మదగ్గది. లీటరుకు ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని పూతలు అన్నది అక్కడుంటుంది. మీ డాబా కొలతతో లెక్కేసి, అన్ని టిన్నులు వచ్చాయో లేదో చూడండి. నీళ్ళు ఎంత కలపాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. అంతకన్నా ఎక్కువ కలుపుతుంటే మొహమాటపడకుండా ఆపండి. పూత పూర్తిగా ఆరాక మళ్ళీ ఒకసారి నీళ్ళు నిలిపి చూసి, కింద తడి రాలేదంటేనే చివరి డబ్బు ఇవ్వండి.

కింది సీలింగు పని దీని తర్వాతే. పైన దారి మూయకుండా లోపలి నుంచి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే నీరు శ్లాబులోనే చిక్కుకుపోతుంది. అది కడ్డీలకు మరీ చేటు. కాంక్రీటు క్షారగుణం వల్ల లోపలి ఇనుముకు తుప్పు పట్టకుండా ఒక రక్షణ ఉంటుంది. ఏళ్ళ తరబడి గాలీ తేమా చేరితే ఆ రక్షణ పోతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి ఇంకా త్వరగా పోతుంది. తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులూడుతుంది. కాబట్టి కడ్డీలు బయటపడితే వాటి మీద సిమెంటు మెత్తడం వైద్యం కాదు. వదులైన కాంక్రీటు కొట్టేసి, కడ్డీ వెనక దాకా తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత పూసి, పాలిమర్ మోర్టారుతో కప్పాలి. కడ్డీ సన్నబడి ఉంటే, శ్లాబు కిందికి వంగినట్టుంటే మేస్త్రీతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. వట్టి మరకే అయితే వారాల తరబడి ఆరనిచ్చి, ఇందాకటి ప్లాస్టిక్ కాగితం పరీక్షలో పొడిగా తేలాక, తెల్లటి పొడిని పొడి బ్రష్‌తో దులిపి పుట్టీ, ప్రైమరు, రంగు వేయించుకోవచ్చు.

అపార్ట్‌మెంటులో పై అంతస్తువాళ్ళు ఈ ఖర్చంతా తమదేనని దిగులు పడక్కర్లేదు. ఉమ్మడి టెర్రస్ రెరా చట్టం ప్రకారం ఉమ్మడి భాగం, దాని మరమ్మతు అందరూ కలిసి భరించాల్సిందే. 2016 నాటి ఆ చట్టంలోని 14వ సెక్షను ఇంకో హక్కు ఇచ్చింది. ఇల్లు స్వాధీనమైన నాటి నుంచి ఐదేళ్ళలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో అదనపు డబ్బు తీసుకోకుండా అతనే సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. కొత్త ఫ్లాటులో చెమ్మ కనిపించిన రోజే ఫోటో తీసి, తేదీతో రాతపూర్వకంగా తెలియజేయండి. నోటిమాటకు రుజువు ఉండదు.

మన రాయలసీమలో మట్టిమిద్దెల కాలంలో వానలకు ముందే మిద్దె ఎక్కి చౌడు మట్టి పరిచేవాళ్ళు. శ్లాబు వచ్చాక ఆ అలవాటు పోయింది, కాంక్రీటుకు ఏమీ కాదనుకున్నాం. మే నెలలో ఒక ఉదయం చీపురు, సుద్దముక్క, బకెట్టు పట్టుకుని డాబా ఎక్కండి. గొట్టాల మూతులు, పిట్టగోడ మూలలు, ట్యాంకు కింద, పిల్లరు కడ్డీల మొదట్లో చూసి రండి. పగుళ్ళు పూడ్చే పనికి శ్లాబు పొడిగా ఉండాలి, జూన్‌లో వానలు మొదలయ్యాక ఏ మేస్త్రీ వచ్చినా ఆ పని గట్టిగా నిలవదు.